ఖాలా ఇంట్లో ముసాఫిరు

దూరాలను పరిచినవాడు, ఆ దూరాల చివర ఇళ్ళు నిలిపినవాడు, ఇంటికీ పనికీ మధ్య తిరిగే మనిషిని రెప్పపాటు కూడా మరవనివాడు అయిన అల్లాహ్‌కే సమస్త స్తోత్రం. నేను అడిగినవి ఇచ్చాడు, అడగడం చేతకానివి కూడా ఇచ్చాడు. ఉదయగిరి కొండను కదలకుండా నిలిపినవాడే నన్ను రోజూ దాని కిందికి చేర్చి, మళ్ళీ క్షేమంగా వెనక్కి పంపాడు. ఆయన చేసిన మేలు తలచుకోవడానికే ఇది రాస్తున్నాను. ఇందులో ఎక్కడైనా ఫిర్యాదులా వినిపిస్తే అది నా రాతలోని లోపం, ఆయన దయలో లోపం కాదు.

నేను పుట్టింది ఉదయగిరిలో. ఊహ తెలియకముందే అమ్మ పోయింది. అమ్మ చెల్లెలు, మా ఖాలా, నన్ను పెంచింది. పెళ్ళయ్యాక నెల్లూరు వెళ్ళాను. మా ఆయన ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తారు. ఎండలు ముదిరాయంటే ఆయన ఫోను ఇంట్లో అందరికంటే ఎక్కువ మాట్లాడుతుంది. నాకు ఒక సర్కారు ఆఫీసులో చిన్న ఉద్యోగం. మొదట నెల్లూరులోనే ఉండేది, తర్వాత బదిలీల్లో ఉదయగిరికి వేశారు. "సొంతూరే కదా, ఇంకేం కావాలి?" అని అందరూ సంతోషపడ్డారు. సొంతూరే. కాని ఇల్లూ, భర్తా, బడికెళ్ళే కూతురూ నెల్లూరులో ఉన్నారు.

ఫజర్ నమాజు చదివి, వంట సర్ది, చీకటి పూర్తిగా విడవకముందే బస్సు ఎక్కేదాన్ని. ఆత్మకూరులో దిగి ఇంకో బస్సు. ఆత్మకూరు దాకా వరిమళ్ళు, కాలవలు. ఆ తర్వాత నేల రంగు మారిపోతుంది. ఎర్రమట్టి, నిమ్మతోటలు, మేకలు, చివరికి కొండ. ఆఫీసు గుమ్మంలో ఫోనుకు ముఖం చూపించి హాజరు వేయాలి. మా ఆయన దాని మీద కూడా జోకు వేసేవారు.

"ఫోనుకైతే రోజూ ముఖం చూపిస్తుండావు. మాకెప్పుడు చూపిస్తావు?"

"ఆదివారం," అనేదాన్ని.

నవ్వుకునేవాళ్ళం కాని, అది నవ్వే మాట కాదు. నేను ఇల్లు చేరేసరికి పాప మా ఆడబిడ్డ ఇంట్లో అన్నం తిని, కునికిపాట్లు పడుతూ ఉండేది. దానికి అరబీ అక్షరాలు మొదలుపెట్టే వయసు వచ్చింది. మగ్రిబ్ తర్వాత దీపాల వేళ ఖాలా నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వేలు పట్టి అలిఫ్, బే అని చెప్పించేది. దివ్యగ్రంథంలోని మొదటి అక్షరం నా నాలుక మీద పెట్టింది ఆమే. నా కూతురికి ఆ పని నేనే చేయాలని అది పుట్టినప్పుడే అనుకున్నాను. నేను వేళకు రాలేకపోవడంతో పాపను పక్క వీధిలో పిల్లలకు అరబీ చెప్పే ఆపా దగ్గరకు పంపారు. ఆ ఆపా మంచి మనిషే. అల్లాహ్ ఆమెకు మేలు చేయాలి. కాని ఒక ఆదివారం నేను పాపను ముందు కూర్చోబెట్టుకుని పాఠం మొదలుపెడితే అది పుస్తకం మూసేసింది.

"అమ్మీ, ఈరోజు లీవు. ఆదివారం ఆపా కూడా చెప్పదు."

"నేను చెబుతాను కదా."

"నువ్వు టీచర్‌వి కాదు. నువ్వు ఆఫీసు."

ఆ మాట పట్టుకుని మా ఆయన చాలాసేపు నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, పని లేకపోయినా ఉల్లిపాయలు తరిగాను.

ఉదయగిరిలో మధ్యాహ్నం జొహర్ నమాజుకు ఖాలా ఇంటికి వెళ్ళేదాన్ని. ఆఫీసుకు నాలుగు అడుగుల దూరం. ఖాలా కొండ చెక్కతో గరిటెలు, చెంచాలు చేస్తుంది. ఆ ఇంట్లో ఏ చాప దులిపినా చెక్కపొట్టు రాలుతుంది. బిర్యానీలో కూడా వస్తుందని మా ఆయన అంటారు, అది అబద్ధం. మొదట్లో నేను నమాజు చదివే వేళకు ఖాలా వంటింట్లో అన్నం వడ్డిస్తూ ఉండేది. అందుకని నేనేం చేస్తున్నానో చూడలేదు. ఒకరోజు మాత్రం గరిటె అంచుకు ఆకురాయి పడుతూ నా వెనకే కూర్చుంది. నేను రెండు రకాతులు, అంటే నమాజులో రెండు ఆవృత్తులు చదివి, కుడికీ ఎడమకూ సలాం చెప్పి లేచాను.

"ఏందిమే, ఆఫీసులో అంత పనుండాదా?"

"లేదే. ఎందుకు ఖాలా?"

"అల్లా దగ్గర సగం కోసేసినావు కదా మరి. నేను నీకు నాలుగు నేర్పినాను. మిగతా రెండూ ఏ బస్సులో మరిచి వచ్చినావు?"

నేను నవ్వి, కూర్చుని చెప్పాను. ఇంటి నుంచి ఇంత దూరం అని ఒక హద్దు ఉంది. అది దాటి వెళ్ళినవాళ్ళు ముసాఫిర్లు, ప్రయాణికులు. వాళ్ళు నాలుగు రకాతుల విధి నమాజును రెండే చదవాలి. అది అల్లాహ్ ప్రయాణికుడికిచ్చిన కానుక, కాదనకూడదు. నెల్లూరు నుంచి ఉదయగిరికి ఆ హద్దు దాటుతుంది.

"అది నాకు తెలీదా? హజ్‌కి పొయ్యేటోళ్ళకి కదా అది. నువ్వేడికి పోతుండావు?"

"ఇక్కడికే వచ్చినాను కదా ఖాలా."

"ఇక్కడికా?" ఆకురాయి ఆగింది. "ఇది నీ ఇల్లు కాదా?"

పెళ్ళయి భర్త ఊళ్ళో స్థిరపడిన ఆడదానికి ఆ ఊరే సొంతూరవుతుందని, పుట్టిన ఊరికి నాలుగు రోజులు వచ్చినా ప్రయాణికురాలి లెక్కలోకే వస్తుందని మేం చదువుకున్నాం. ఆదివారం మధ్యాహ్నాలు నెల్లూరులో ఆడవాళ్ళంతా కలిసి కూర్చునే ఇజ్తెమాలో ఈ పాఠం నేనే ఒకసారి చదివి వినిపించాను కూడా. అక్కడ చదివినప్పుడు అదొక మసలా, ఒక నియమం. ఖాలా ముందు దాన్ని ఒక్క ముక్కలో చెప్పాను.

"ఇల్లు నాదే ఖాలా. ఊరు మాత్రం నెల్లూరు."

ఆమె చెక్కపొట్టు ఊది, గరిటెను వెలుగుకు పట్టి చూసుకుంది.

మరుసటిరోజు వెళ్ళేసరికి గదిలో కొత్త చాప పరిచి ఉంది. దాని మీద అన్నాలకు పరిచే తెల్లటి గుడ్డ, దస్తర్‌ఖాన్. వియ్యాలవారొస్తే తప్ప బయటికి తీయని పూల పళ్ళెం. గాజు గ్లాసులో షర్బత్తు.

"ఎవరొస్తున్నారు ఖాలా?"

"వచ్చినారు కదా. కూర్చోండి."

"కూర్చోండి" అంది! నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి, జడ పట్టుకుని వీపు మీద నాలుగు వేసిన మనిషి, నన్ను మీరు అంది.

"ఖాలా, ఏంది ఇది?"

"మెహమాన్లకి మర్యాద చెయ్యాల కదమ్మా. షరియత్తు ప్రకారం. ఇంకొంచెం కూర వేసుకుంటారా?"

తిని పళ్ళెం తీయబోతే చేతిలోంచి లాక్కుంది. "ముసాఫిర్లు గిన్నెలు కడగరు. దూరం నుంచి వచ్చుంటారు, అలిసిపోయుంటారు."

చాలా రోజులు ఇలాగే జరిగింది. ఆమె కోపం కూడా రుచిగా ఉంటుంది, నిజం చెప్పాలి. ఆ రోజుల్లో నేను తిన్న తలకాయకూర మళ్ళీ తినలేదు. కాని గిన్నెలు ముట్టుకోనివ్వదు, చీపురు పట్టనివ్వదు, మీరు అనడం మానదు. పైగా వీధిలో అందరికీ చెప్పింది. ముసాఫిరు చేసే దువాను, వేడుకోలును, అల్లాహ్ తోసిపుచ్చడని ఎవరో గుర్తు చేశారట. దాంతో జొహర్ వేళకు ఒక్కొక్కరే రావడం మొదలైంది. ఒకామె తన కోడలికి కడుపు పండాలని. ఇంకొకామె కొడుకు డ్రైవింగు లైసెన్సు టెస్టు పాసవ్వాలని. చివరికి ఖాలా కూడా చాప అంచున కూర్చుని మోకాలు చూపించింది.

"మీరు ఎట్టా ముసాఫిరే కదా. దీని సంగతి కూడా కొంచెం పైకి చెప్పండి."

చేతులెత్తి వాళ్ళందరి కోసం దువా చేశాను. చేస్తూ ఉంటే నా సొంత కోరిక కూడా నాలుక చివరిదాకా వచ్చింది. నన్ను మగ్రిబ్ వేళకు ఇంటికి చేర్చు ప్రభూ అని. నా బిడ్డకు నేను పాఠం చెప్పుకునేట్టు చెయ్యి అని.

ఆదివారం ఇజ్తెమా అయ్యాక దాన్ని నడిపే పెద్ద ఆపాను పక్కకు పిలిచి అడిగాను, పెంచిన ఇంట్లో నాలుగూ చదువుకోవడానికి ఏమైనా దారి ఉందా అని. ఆమె నా చేయి పట్టుకుంది. "ప్రేమ కోసం ఇల్లు మార్చుకోవచ్చు బేటీ, నమాజు మార్చుకోలేం" అంది. ఏది మంచో తెలియనప్పుడు చదివే ఇస్తిఖారా నమాజు చదివి, నిర్ణయం అల్లాహ్‌కు వదలమని చెప్పింది.

ఇల్లు మార్చడమనే ఆలోచన అంతకుముందు కూడా వచ్చింది కాని, ఎక్కడికి అన్నదే తేలలేదు. ఖాలా ఉదయగిరికే రమ్మంటుంది. మా ఆయన ఫోనులో ఆమెతో అన్నారు, "మీకు కొండ గాలి ఉండాది ఖాలా, నా ఏసీలతో ఏం పని?" ఆమె వెంటనే, "మే నెలలో వచ్చి ఆ గాలి తాగి చూడు బాబూ, కొండే ఏసీ కావాలని ఏడుస్తాది" అంది. కాని ఆయనకు నెల్లూరులో వీధి వీధినా తెలిసినవాళ్ళున్నారు. ఆ గిరాకీ వదిలి అంత దూరం రాలేరు. నాకూ నెల్లూరు వదలాలంటే మనసొప్పేది కాదు. ఆ ఇజ్తెమాలోనే నేను చదవడం నేర్చుకున్నాను, ఏడవడం నేర్చుకున్నాను. పాపను అందరూ ఎత్తుకున్నారు. ఇలా కూడి కూర్చునే జమాత్ అనేది మనిషికి రెండో పుట్టిల్లు.

ఆత్మకూరు మధ్యలో ఉంది. దాన్ని నేను బస్సు మారే చోటుగా తప్ప చూడలేదు.

సాయంత్రం తిరుగు బస్సు ఆత్మకూరు చేరేసరికి మగ్రిబ్ అవుతుంది. మగ్రిబ్‌కు వ్యవధి తక్కువ, నెల్లూరు దాకా ఆగితే వేళ దాటిపోతుంది. బస్టాండు ఎదురుగా ఒక ఫాన్సీ షాపు ఉంది. అది నడిపే అక్కది అనంతసాగరం దగ్గర రైతు కుటుంబం. పిల్లల చదువు కోసం ఆత్మకూరు వచ్చి, కింద షాపు, పైన పోర్షను కట్టుకున్నారు. ఉద్యోగం ఉదయగిరికి మారిన కొత్తలో ఒకరోజు వెళ్ళి, ఒక మూల నమాజు చేసుకోవచ్చా అని అడిగాను.

"మూలేందమ్మా, లోపల గది ఉండాదిగా. చెప్పులిక్కడ విప్పు. పడమర అటు."

అప్పటి నుంచి నేను వచ్చే వేళకు ఆ గదిలో గాజుల పెట్టెలు పక్కకు జరిపి, నేల తుడిచి ఉంచేది. ఆలస్యమైతే గుమ్మంలో నిలబడి చూసేది. "నీ నమాజుకుండే టైము ఈ బస్సులకుంటే మా ఊరు ఎప్పుడో బాగుపడేది" అనేది. ఇస్తిఖారా చదివిన వారంలోనే ఒకరోజు నేను లేచి కొంగు సర్దుకుంటుంటే, తనంతట తనే అంది.

"ఎందుకమ్మా రోజూ ఈ తిప్పలు? పైన పోర్షను ఖాళీ అవుతుండాది. వచ్చేయండి."

"మేం మాంసం వండుతామక్కా. మీకు ఇబ్బందేమో."

"మేం తినమా ఏంది? వండినప్పుడు వాసన మాత్రం పంపించి ఊరుకోబాక, గిన్నె కూడా పంపించు."

మా ఆయనకు చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నారు. "ఆత్మకూరులో నన్నెవరు పిలుస్తారు? పదేళ్ళుగా సంపాదించుకున్న గిరాకీ ఇది. ఒక్కసారి ఫోను ఎత్తకపోతే ఇంకోణ్ణి పిలుచుకుంటారు." ఆయన మాటలో న్యాయముంది. నేను రెట్టించలేదు. ఒకసారి ఇల్లు చూసి వద్దాం అని మాత్రం అన్నాను. ఆయన ఎప్పుడూ బైకు మీదే తిరుగుతారు, బస్సు ఎక్కి ఏళ్ళయింది. పాప కూడా వస్తానందని ఆ ఆదివారం ముగ్గురం బస్సెక్కాం.

అక్క పైకి తీసుకెళ్ళి గదులన్నీ చూపించింది. మా ఆయన మాత్రం కింద పక్కనున్న కూల్‌డ్రింక్స్ అంగడి ముందు ఆగిపోయారు. అక్కడ ఫ్రిజ్ ఏదో మోత చేస్తోందట. నేను రెండు గదులూ, వంటిల్లూ, మేడ మీద ట్యాంకూ చూసి దిగేసరికి ఆయన మోకాళ్ళ మీద కూర్చుని దాని వెనక తలపెట్టి ఉన్నారు.

"ఇల్లు ఎట్టుండాదన్నా?" అని అక్క అడిగింది.

"కంప్రెసర్ బాగానే ఉండాదక్కా," అన్నారాయన.

తిరుగు బస్సు నిండిపోయింది. మాకు వెనక సీటు దొరికింది. సంగం దాటకముందే పాపకు కడుపులో తిప్పి, ఆయన చొక్కా మీదే వాంతి చేసుకుంది. ఆయన నా కొంగు అందుకుని తుడుస్తూ, కిటికీ తెరుస్తూ, పక్కవాళ్ళకు సర్దిచెబుతూ కిందామీదా పడ్డారు. పాప ఆయన భుజం మీద వాలి, కళ్ళు మూసుకునే అడిగింది.

"అమ్మీ రోజూ ఇంత దూరం పోతుందా?"

"ఇది సగమే," అన్నాను. నేను మామూలుగానే అన్నాను. నాకది అలవాటైన సంగతి.

ఆయన నా వైపు చూసి, మళ్ళీ కిటికీలోంచి బయటికి చూశారు. ఇస్తిఖారా చదివినవాళ్ళకు కల వస్తుందని మా వైపు కొందరనుకుంటారు. నాకు ఏ కలా రాలేదు. మరుసటిరోజు పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి, "ఆ అక్కకు చెప్పెయ్, వస్తున్నామని" అన్నారు. బ్రష్షు నోట్లో ఉండడంతో రెండుసార్లు చెప్పించుకున్నాను. నిజానికి మొదటిసారే అర్థమైంది.

ఆత్మకూరు వచ్చి ఇప్పుడు కొన్ని నెలలైంది. ఆత్మకూరు నుంచి ఉదయగిరి ఆ హద్దు లోపలే ఉంది. చేరిన మొదటి రోజే ఖాలా ఇంటికి వెళ్ళి నాలుగు రకాతులూ చదివాను. ఆమె చూడనట్టు చూసింది. సలాం చెప్పి లేవగానే, "ఒసేయ్, ఆ అంట్లు అట్టనే ఉండాయి, చూడు" అంది. రెండు రోజుల గిన్నెలు దాచిపెట్టినట్టుంది, అన్ని ఉన్నాయి. నేను తోముతుంటే వచ్చి పక్కన పీట వేసుకుని కూర్చుని, నన్ను తిట్టడానికి ఇన్నాళ్ళుగా దాచుకున్నవన్నీ తిట్టింది. నెల్లూరు వదిలినదానివి ఇంకొంచెం ముందుకొస్తే ఏం పోయిందని కూడా తిట్టింది. వీధిలో వాళ్ళకు మాత్రం నష్టమే జరిగింది. లైసెన్సు టెస్టు రెండోసారి కూడా పోయిన కుర్రాడి తల్లి, "ఇంకొక్క నెల ముసాఫిరుగా ఉండకూడదా?" అని నన్ను నిలదీసింది.

ఇప్పుడు తిరిగే వంతు ఆయనది. పొద్దున నేను పడమరకు, ఆయన బైకు మీద తూర్పుకు. కొన్నాళ్ళు బాగానే పిలుపులు వచ్చాయి. ఈ మధ్య నెల్లూరులో తెలిసినవాళ్ళు కొందరు దగ్గర్లో ఉన్న మెకానిక్కునే పిలుచుకుంటున్నారు. ఆయన అన్నమాటే నిజమవుతోంది. ఆత్మకూరులో కొత్త ఇళ్ళు వస్తున్నాయి, అక్క అందరికీ ఆయన పేరు చెబుతోంది, కాని చలికాలం ముందుంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు బరువు. ఆదివారం ఇజ్తెమాకు నేను నెల్లూరు వెళ్ళలేని వారాలు ఉంటున్నాయి. ఇక్కడ మా వీధిలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళం కూర్చుంటున్నాం. ఇంకా అందరికీ సిగ్గు పోలేదు. నేను చదువుతుంటే వాళ్ళు వింటారు, తర్వాత టీ తాగుతాం.

మగ్రిబ్‌కు మాత్రం ఇంట్లో ఉంటున్నాను. కింద షాపులో అక్క దగ్గర ఆడుకుంటున్న పాపను పైకి పిలిచి, నమాజు కాగానే ముందు కూర్చోబెట్టుకుంటాను. అది సంతోషంగా కూర్చుంటుందని రాస్తే అబద్ధమవుతుంది. ఆడబిడ్డ పిల్లలు గుర్తొస్తారు దానికి. నెల్లూరు ఆపా ఇలా చెప్పలేదని ప్రతి అక్షరానికీ పేచీ పెడుతుంది. నిన్న మాత్రం 'ఐన్' అక్షరం పలకలేక నాలుగైదుసార్లు తంటాలు పడి, చివరికి నా గొంతు మీద చేయి పెట్టి, "మళ్ళీ అను అమ్మీ, ఎక్కడినుంచి వస్తుందో చూస్తా" అంది. అన్నాను. దాని వేళ్ళ కింద నా గొంతు అదిరింది. తర్వాత అది పలికింది, సరిగ్గా. అప్పుడే మెట్ల మీద ఆయన అడుగులు వినిపించాయి. పాప పుస్తకం వదిలి పరుగెత్తింది. పాఠం అక్కడితో అయిపోయింది.

ఇది చదివిన అక్కలారా, అన్నలారా, మీ చేతులు కూడా మా చేతుల పక్కన చేర్చండి. మీరు ఏ పేరుతో పిలిచినా వినేవాడు ఒక్కడే. నాతో పాటు ఇలా అడగండి: ప్రభూ, నా బిడ్డ పాఠం కోసం తన గిరాకీ వదులుకున్న ఆ మనిషికి ఈ ఊళ్ళోనే ఉపాధి చూపించు. దారిలో ఉన్న ప్రతి తల్లినీ, ప్రతి తండ్రినీ దీపాల వేళకు వాళ్ళ పిల్లల దగ్గరకు చేర్చు. ఆమీన్ అనండి.